మా స్టేషన్ ఎద్దులు

ఫైరింజను ట్యాంకులో నీళ్ళుంటే బండిలో డీజిల్ ఉండేది కాదు. బండిలో డీజిల్ ఉంటే ట్యాంకులో నీళ్ళుండేవి కావు. డెబ్బైల చివర్లో నేను స్టేషన్ ఆఫీసరుగా పనిచేసిన ఆ చిన్న ఊరి గురించి ఎవరడిగినా ఈ రెండు ముక్కలే చెప్తాను. వినేవాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అదెట్లా కుదిరిందో విడమరిచి చెప్పమంటే మాత్రం ఎక్కడో ఒకచోట నాకే దారి తప్పిపోతుంది. నోటితో చెప్పడం చాతకాక ఇప్పుడు కాగితం పట్టుకున్నాను. ఇక్కడ కూడా తప్పిపోతే నా తప్పు కాదు.

ఊరు గోరంట్లకూ కొత్తచెరువుకూ నడుమ ఎక్కడో ఉందనుకోండి, పేరుతో పనిలేదు. నేను గుత్తి పక్కవాణ్ణి. మా చిన్నప్పుడు రైలింజను నిలబడి స్టేషన్ నీటి గొట్టం తొండం కింద నీళ్ళు తాగుతుంటే మా వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు. అలాంటి చోట పెరిగినవాణ్ణి కాబట్టి కరువంటే నాకు తెలుసనే ధీమాతోనే ఆ ఊళ్ళో దిగాను. రేకుల షెడ్డు, అందులో ఎర్రగా ఒక ఫైరింజను, ముందు డ్రిల్లు చేసుకోవడానికి చదునైన మైదానం, ఇంజను మీద వేలాడే ఇత్తడి గంట. చూడ్డానికి అంతా సక్రమంగానే ఉంది.

సిబ్బంది కూడా కాగితం మీద సక్రమంగానే ఉన్నారు. లెక్కకు ఉన్నవాళ్ళలో సగం మంది జిల్లా కేంద్రంలో ఏదో బందోబస్తుకని పోయి, బందోబస్తు అయిపోయినా తిరిగి రాలేదు. వాళ్ళ జీతాలు మాత్రం మా స్టేషన్ పేరు మీదే పడేవి. అందుకని కొత్తవాళ్ళను ఇవ్వమని నేను రాసినప్పుడల్లా, మీ దగ్గర అందరూ ఉన్నారు కదా అని జవాబు వచ్చేది. కొత్తచెరువు నుంచి వచ్చే ఫైర్‌మన్ ఒకడు ఆకాశంలో మబ్బు పట్టిందంటే చాలు, బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తుకోవాలని సెలవు చీటీ కూడా రాయకుండా మాయమయ్యేవాడు. ఆ ఏడు మబ్బే పట్టలేదు కాబట్టి వాడు బుద్ధిగా డ్యూటీకి వచ్చేవాడు. కరువు వల్ల మాకు కలిగిన లాభం అదొక్కటే.

ఇక డ్రైవరు ఒక్కడే. అతనికి బదులు డ్రైవరు లేడు. నాకన్నా పెద్దవాడు, మనిషి మంచివాడు, మాట మాత్రం మొరటు.

"నాకు జొరమొచ్చిన దినం ఊర్లో యాడా అగ్గి పెట్టుకోవద్దని దండోరా ఏపించండి సార్," అనేవాడు.

డీజిల్ సంగతి అంతకన్నా అన్యాయం. మూడు నెలలకని ఇచ్చిన డబ్బు మొదటి నెల దాటేది కాదు. ఎండాకాలంలో గడ్డివాములు, కొట్టాలు, కంచెలు ఒకదాని వెంట ఒకటి అంటుకునేవి. పెట్రోలు బంకాయన అరువు ఆపేశాడు. పైవాళ్ళకు రాస్తే, అవసరాలు తగ్గించుకోవలసింది అని వచ్చింది. మా అవసరం అంటే నిప్పు. దాన్ని ఎవరు తగ్గించుకోవాలి? నేనా, ఊరా?

ఆ ఎండాకాలంలోనే ఊళ్ళో బోరింగులు ఎండిపోయాయి. తహశీల్దారు నన్ను పిలిపించి, ఫైరింజనుతో వీధులకు తాగే నీళ్ళు తోలమన్నాడు. తోలితే డీజిల్ రెవెన్యూ వాళ్ళు పోయిస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. స్టేషన్‌కు వచ్చి చూస్తే బల్ల మీద మా సొంత డిపార్ట్‌మెంటు నుంచి వచ్చిన ఉత్తర్వు ఉంది. ఫైరింజనును నిప్పార్పడానికి తప్ప దేనికీ వాడరాదు, ట్యాంకు ఎల్లవేళలా నిండుగా ఉండాలి అని. అంటే ఉత్తర్వు ప్రకారం నడుచుకుంటే ట్యాంకు నిండా నీళ్ళతో, చుక్క డీజిల్ లేకుండా షెడ్డులో నిలబడాలి. నీళ్ళు తోలితే డీజిల్ ఉంటుంది, కానీ నిప్పంటుకునే సమయానికి ట్యాంకు ఖాళీగా ఉన్నా ఉండొచ్చు. రెండింట్లో ఏది నేరమో తేల్చుకోలేక డ్రైవరును అడిగాను.

"రెండూ నేరమే సార్. దీంట్లో అయితే జనం నీళ్ళు తాగుతారు," అన్నాడు.

సరే, తోలడానికి నీళ్ళు కావాలి కదా. ఊరి చుట్టూ బావులన్నీ తిరిగాం. కొన్ని ఎండిపోయాయి. కొన్నింటిలో ఎక్కడో పాతాళంలో నీళ్ళు తళతళమంటున్నాయి గానీ మా పంపు వాటిని పీల్చలేదు. ఫైరింజను పంపుకు ఒక లోతు వరకే శక్తి ఉంటుంది. అది దాటితే గొట్టం ఎంత పొడుగు వేసినా గాలి తప్ప చుక్క రాదు. ప్రభుత్వం కొనిపెట్టిన అంత పెద్ద యంత్రం బావి ఒడ్డున గురకపెట్టి చేతులెత్తేసింది. చుట్టూ చేరిన జనం ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ఊరికి ఒక మైలు అవతల ఒక ముసలి రైతు కపిల బావి ఉందని తెలిసింది. కపిల అంటే ఎద్దులు మోకు లాగుతూ ఏటవాలు బాటలో కిందికి దిగితే, పెద్ద తోలు బాన బావిలోంచి నీళ్ళు పట్టుకుని పైకొస్తుంది. అందరూ కరెంటు మోటార్లు పెట్టుకుని వాటిని వదిలేశారు, ఈయన వదల్లేదు. ఎద్దులు నీళ్ళు తోడి రాతి తొట్టిలో పోస్తే, తొట్టిలోంచి మా పంపు పీల్చుకుని ట్యాంకు నింపుకోగలదు. నేను పోయి చేతులు జోడించాను.

పెద్దాయన తొట్టి గట్టు మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, ఇంత లావు బండి పెట్టుకోని నా ఎద్దుల కాడికి వచ్చినావా?"

"వచ్చినాను తాతా. ఏం చెయ్యమంటావు?"

"నీళ్ళు తీసుకో. నీళ్ళకు దుడ్లు తీసుకుండే అలవాటు మా ఇంట్లో లేదు. అయితే ఒక్క మాట." బావి పక్కనున్న శనక్కట్టె వామిని చూపించాడు. వేరుశనగ కాయలు కోసుకున్నాక మిగిలిన తీగె అది, ఆ సీమలో గొడ్లకు అదే మేత. "వాన పడేదాకా నా ఎద్దులకు మేత ఇదొక్కటే. ఊర్లో ఇంగ యాడా లేదు. దుడ్లు పెట్టినా దొరకదు. ఇది పోతే ఎద్దులు పోతాయి. ఎద్దులు పోతే నేను పోయినట్లే. అగ్గి తగలకుండా చూసుకుంటావా?"

"అగ్గి ఆర్పేదే నా కొలువు తాతా," అన్నాను. అంత తేలిగ్గా నేనిచ్చిన మాట ఇంకొకటి లేదు.

ఆ రోజు నుంచి ఆ రెండెద్దులూ మా స్టేషన్ సిబ్బందిలో చేరిపోయాయి. పొద్దున్నే మేం పోయేసరికి అవి మోకు కట్టుకుని తయారుగా ఉండేవి. సెలవు అడగవు, జిల్లా కేంద్రానికి పోవు, మబ్బు చూసి మాయం కావు. ఎడమ ఎద్దు కాస్త దురుసు, కుడిది నెమ్మది. పెద్దాయన తన బరువు కూడా తోడుచేస్తూ మోకు మీద కూర్చుని ఒక్కోదాన్నీ పేరుతో పిలిచేవాడు. పేరు వినగానే అవి మెడ వంచి దిగేవి. చూస్తుంటే నాకు మా పొద్దుటి పరేడు గుర్తొచ్చి సిగ్గనిపించేది.

ఎద్దులకు దాణా అన్నా ఇప్పిద్దామని పైకి రాశాను. ఆ ఖర్చు ఏ పద్దు కింద చూపాలో తెలియక, మొదట ఇంధనం కింద చూపించాను. ఇంధనం కింద తౌడూ చెక్కా రావని తిప్పి పంపారు. రెండోసారి సిబ్బంది కింద చూపించాను. సదరు సిబ్బంది ఏ హోదాలో నియమితులయ్యారో తెలపాలని వచ్చింది. డ్రైవరు ఆ కాగితం చదివించుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నిజంగా ఆలోచిస్తే, ఆ ప్రశ్నకు సమాధానం నాకూ తెలియదు.

గంట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నీళ్ళు వచ్చాయని వీధి వీధికీ పోయి కేకేయడానికి నాకు మనుషులు లేరు. ఒకడు గొట్టం పట్టుకోవాలి, ఒకడు తోపులాట ఆపాలి, ఒకడు స్టేషన్‌లో ఉండాలి. మైకు లేదు. ఉన్నది ఇంజను మీద గంట. దాన్ని కొట్టుకుంటూ పోతే ఊరంతటికీ వినపడుతుంది. బాగానే పనిచేసింది. వారం తిరక్కుండా ఊళ్ళో పసిపిల్లలకు కూడా ఫైరింజను గంట అంటే నీళ్ళు అని అర్థమైపోయింది. గంట వినపడగానే ఆడవాళ్ళు బిందెలు తెచ్చి నడివీధిలో వరసగా పెట్టేవాళ్ళు. రోడ్డు పక్కన పెడితే బండి ఆగకుండా పోతుందని భయం.

ఆ వరసకు ఒక కట్టుబాటు ఉండేది. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. బిందె పెట్టి ఇంటికి పోయి రొట్టె కాల్చుకుని రావచ్చు, చంటిదానికి పాలిచ్చి రావచ్చు, ఆ చోటు ఆమెదే. ఒకరి బిందె ఇంకొకరు ముట్టుకోకూడదు. జరపకూడదు. ముట్టుకుంటే వీధి వీధంతా ఒకటై మీద పడేది. కులం, మతం, అత్తా కోడళ్ళ పోట్లాట, అన్నీ ఆ వరస ముందు బలాదూరు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ, అది లేకపోతే ఆ కరువులో తలలు పగిలేవి. నేను దాన్ని ఎంతో మెచ్చుకున్నాను. నా కింద పనిచేసేవాళ్ళలో ఆ క్రమశిక్షణ ఉంటే ఎంత బాగుండు అనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, గాలి ఈడ్చి కొడుతున్న పూట, ఒకతను సైకిల్ మీద రొప్పుకుంటూ వచ్చి స్టేషన్ ముందు పడ్డాడు.

"సార్, ముసలాయన వామి అంటుకున్యాది! కపిల బావి కాడ!"

ఎలా అంటుకుందో ఈరోజు వరకూ తెలియదు. బీడీ కావచ్చు, దారిన పోయే లారీ నిప్పురవ్వ కావచ్చు. ట్యాంకు నిండుగా ఉంది. డీజిల్ ఉంది. డ్రైవరుకు జ్వరం లేదు. ఆ ఎండాకాలం మొత్తంలో ఈ మూడూ ఒక్కసారి కలిసిన రోజు అదే. నాకు లోలోపల సంతోషం కూడా వేసింది, పెద్దాయనకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని. బండెక్కి, నిప్పుకు పోయేటప్పుడు ఎలా కొట్టాలో అలా గంట కొట్టించాను.

పెద్ద వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా బిందెలు.

ఇత్తడివి, సత్తువి, మట్టి కడవలు, నూనె డబ్బాలు. రోడ్డుకు అడ్డంగా, నిలువుగా, ఇంకా తెచ్చి పెడుతూనే ఉన్నారు. ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతున్నారు, రోజుకు ఒక్కసారే వచ్చే నీళ్ళు ఈ పొద్దు రెండోసారి వచ్చాయని. డ్రైవరు బ్రేకు తొక్కాడు. నేను దూకి అరిచాను, "తీయండమ్మా, నిప్పంటుకుంది, దారి వదలండి!"

ముందున్నామె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఆ వీధిలో వరస చూసుకునే మనిషి ఆమె.

"ఏమి సార్, మా వీధికి పొయ్యకుండా పై వీధికి తీసకపోతాండారా? నిన్న కూడా ఇట్లనే చెప్పి పోయినారు."

నిన్న అలా చెప్పి పోయిన మాట నిజమే. నిన్న ట్యాంకులో నీళ్ళు చాలక, ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాం. మావాళ్ళు దిగి బిందెలు పక్కకు జరపబోయారు. అంతే, వీధి భగ్గుమంది. "నా బిందె ముట్టుకుంటావా?" అని ఒకామె ఫైర్‌మన్ చొక్కా పట్టుకుంది. వాడు భయపడి బిందె అక్కడే పెట్టేశాడు. అప్పుడెవరో తలెత్తి చూశారు. ఊరవతల పొగ లేస్తోంది. వరస చూసుకునే ఆమె మొహం మారిపోయింది.

"అయ్యో, ముసలాయన వామి! తీయండే, బిందెలు తీయండే!"

వాళ్ళు గబగబా ఎవరి బిందె వాళ్ళు తీసుకున్నారు. కానీ సగం బిందెలకు మనుషులు అక్కడ లేరు. పెట్టి ఇళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళు ఆ బిందెల వైపు చూస్తూ నిలబడ్డారే గానీ ఒక్కరూ ముట్టుకోలేదు. "ఇది పలానామెది, పిల్చుకోని రాపో!" అని ఇళ్ళలోకి కేకలు. పొగ కనపడుతోంది, అందరికీ కంగారుగానే ఉంది, ఆ పెద్దాయన నీళ్ళే తాము తాగుతున్నామని అందరికీ తెలుసు. అయినా చేతులు రాలేదు. వాళ్ళు ముట్టుకోలేదని మావాళ్ళూ ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. ఎందుకని?

డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "తొక్కించి పోదామా సార్?" అన్నాడు.

నేను చెయ్యి ఎత్తాను. పొమ్మని ఎత్తాననే నేను అనుకున్నాను. ఆగమని ఎత్తారని అతను తర్వాత చెప్పాడు. ఇద్దరిలో ఎవరు కరెక్టో చూసినవాళ్ళు కూడా తేల్చలేకపోయారు. బండి మాత్రం ఆఖరి బిందె సొంతదారు పరుగెత్తుకొచ్చి తీసుకునేదాకా అక్కడే గర్రుమంటూ నిలబడింది.

మేం పోయేసరికి వామి సగం బూడిద. పెద్దాయన చిన్న పంగల కర్రతో కాలని కట్టెను విడదీసి ఇవతలికి లాగుతున్నాడు, చేతులు బొబ్బలెక్కాయి. మేం గొట్టం తిప్పాం. ట్యాంకు అయిపోయింది గానీ నిప్పు పూర్తిగా ఆరలేదు. మళ్ళీ నింపుకోవాలంటే ఎద్దులు కావాలి, అవి పొగకు బెదిరి తాళ్ళు తెంపుకుని చేల మీద పడి పోయాయి. అప్పుడు వెనక నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఇళ్ళలో దాచుకున్న తాగే నీళ్ళు చంకన పెట్టుకుని, మైలు దూరం ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చి, కుండలకు కుండలు వామి మీద కుమ్మరించారు. వరస చూసుకునే ఆమె తన బిందె బోర్లించి, ఆ తడిలోనే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆమె మీద అనుకుంటే ఆమె ఇంటిల్లిపాదీ తాగాల్సిన నీళ్ళు పోసి కూర్చుని ఉంది.

నిప్పు ఆరింది. మిగిలిన సగం కట్టె తడిసి ముద్దయింది.

తడిసిన శనక్కట్టె వెంటనే ఆరబెట్టకపోతే లోపల ఉడుకెత్తి నల్లబడుతుంది, గొడ్లు మూతి పెట్టవు. ఆరబెట్టడానికి శుభ్రమైన చదును నేల కావాలి. చుట్టుపక్కల అంత చదును మా డ్రిల్లు మైదానం ఒక్కటే. నేనే తెమ్మన్నాను. పెద్దాయన దొరికిన ఎద్దుల్ని బండికి కట్టి కట్టెంతా తెచ్చి మైదానం నిండా పరిచాడు. ఎద్దుల్ని షెడ్డు స్తంభానికి కట్టేశాడు. పొద్దున ఎద్దులు కపిల లాగడం, తర్వాత ఇక్కడికి రావడం. వీధి ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చి కట్టెను తిరగేసి పోయేవాళ్ళు. మా స్టేషన్ ఎప్పుడూ అంత కళగా లేదు. అప్పుడే జిల్లా కేంద్రం నుంచి మా పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చాడు.

ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి. కోపిష్టి కాదు. జీపు దిగి, మైదానం నిండా ఎండుమేతను, స్తంభానికి కట్టేసిన ఎద్దుల్ని, వాటి పక్కన నిలబడి సెల్యూట్ కొడుతున్న నన్ను కాసేపు గుడ్లప్పగించి చూశాడు.

"ఏమిటయ్యా ఇది? ఫైర్ స్టేషన్లో గడ్డి ఆరబెట్టారేమిటి? అగ్గిపుల్ల పడితే ఏం కావాలి?"

ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? నేను మొదలుపెట్టాను. ఈ ఎద్దులు నీళ్ళు తోడతాయి సార్. ఎద్దులెందుకయ్యా, పంపు లేదా? పంపుకు అందదు సార్. అందని నీళ్ళ జోలికి ఎందుకు పోయావు? తాగడానికి సార్. నిప్పార్పే బండితో తాగే నీళ్ళేమిటి? డీజిల్ కోసం సార్. నిప్పుకు పోయేటప్పుడు బండి నడివీధిలో ఎందుకు ఆగింది? గంట విని బిందెలు పెట్టారు సార్. గంట వింటే బిందెలెందుకు పెడతారు? కేకేయడానికి మనుషులు లేక గంట కొట్టాం సార్. మనుషులెందుకు లేరు? తమ దగ్గరే ఉన్నారు సార్.

ఆ చివరి మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. లేదు, ఆయనకూ తికమకగానే ఉన్నట్టుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇదంతా సంజాయిషీగా రాసివ్వు. ముందు ఈ గడ్డి తీయించు, ఈపూటే," అన్నాడు.

ఇంకా రెండెండలు తగిలితే కట్టె ఆరిపోయేది. ఆ ఒక్క మాట చెప్పబోతుండగా పెద్దాయన వచ్చి స్తంభం దగ్గర ఎద్దుల తాళ్ళు విప్పుకున్నాడు.

"ఉండు తాతా, నేను మాట్లాడుతున్నా కదా."

"గమ్మునుండప్పా. నా ఎద్దుల కోసరం నీ కొలువు పోతాదా? నేను తీసుకుంటా పో," అన్నాడు. ఆఫీసరుకు దండం కూడా పెట్టాడు. దేనికో నాకు అర్థం కాలేదు.

తడి ఆరని కట్టె మళ్ళీ బావి దగ్గరికి పోయి వామి అయింది. నేను సంజాయిషీ రాస్తూ కూర్చున్నాను. ఒక చోట మొదలుపెడితే ఇంకో చోట తేలుతోంది. నా తప్పు అని రాస్తే నిప్పుకు ఆలస్యంగా పోయిందీ నేనే, నీళ్ళు తోలిందీ నేనే. రెవెన్యూ వాళ్ళు అని రాస్తే వాళ్ళు లేకపోతే డీజిలే లేదు. ఆడవాళ్ళు అని రాయడానికి చెయ్యి రాలేదు. చివరికి గాలి ఎక్కువగా వీచడం వలన అని రాసి సంతకం పెట్టాను. దాని మీద ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత పొద్దున్నే బావి దగ్గరికి పోయినప్పుడల్లా నేను ముందు వామి వాసన చూసేవాణ్ణి. మొదట పులిసిన వాసన వచ్చింది, తర్వాత చెయ్యి పెడితే లోపల వేడి తగిలింది. పెద్దాయన ఒక పిడికెడు తీసి ఎడమ ఎద్దు మూతి దగ్గర పెట్టాడు. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. కట్టె లోపలంతా నల్లగా బూజు. నేను తహశీల్దారు దగ్గరికి పరుగెత్తాను, కరువు పని కింద మేత ఏమైనా వస్తుందేమోనని. తాలూకా మొత్తానికి ఒక లారీ వస్తుందన్నారు గానీ ఎప్పుడో చెప్పలేకపోయారు. వీధి ఆడవాళ్ళు చింతాకు, మర్రాకు, ఇంట్లో మిగిలిన గంజి, ఏది దొరికితే అది తెచ్చి పెట్టారు. ఎద్దుల డొక్కలు లోపలికి పోతూనే ఉన్నాయి. మోకు లాగుతుంటే వాటి కాళ్ళు వణకడం మాకు కనపడేది. మేం చూడనట్టు తొట్టి వైపు తిరిగి నిలబడేవాళ్ళం.

సంత రోజు పెద్దాయన వాటిని తోలుకుపోయాడు. సాయంత్రం మోకులు భుజాన వేసుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. ఎవరు కొన్నారని ఎవరమూ అడగలేదు. ఆ కరువులో డొక్క ఎండిన ఎద్దులను దున్నుకోవడానికి ఎవరూ కొనరు.

మర్నాడు పొద్దున నేను బండి తీయమనలేదు. ఇక ఎక్కడికి పోతాం? డ్రైవరే తీశాడు. "ఎప్పుడూ పోయే తావుకే పోతాండా సార్," అన్నాడు. గంట కొట్టలేదు. అప్పటికే బావి దగ్గర ఆడవాళ్ళు వచ్చి ఉన్నారు, బిందెలు లేకుండా. వరస చూసుకునే ఆమె కపిల మోకు ఎత్తి భుజానికి వేసుకుంది. ఆమె వెనక ఇంకొకామె. మా ఫైర్‌మన్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని టోపీలు తీసి గట్టు మీద పెట్టారు. నేను కూడా పోయి ఎడమవైపు మోకు పట్టుకున్నాను. ఆ ఖాకీ బట్టల్లో ఎద్దులు నడిచే బాటలోకి దిగుతుంటే నాకు సిగ్గుపడాలో వద్దో కూడా తెలియలేదు.

పెద్దాయన తొట్టి గట్టు మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. మేం లాగాం. బాన నిండి బరువెక్కింది. ఏటవాలులో సగం దూరం దిగాక మా కాళ్ళు జారాయి, మోకు అరచేతులు కోసుకుంటూ వెనక్కి పోవడం మొదలైంది. అప్పుడు పెద్దాయన లేచాడు. రోజూ లేచినట్టే లేచి, రోజూ వచ్చినట్టే వచ్చి మోకు మీద కూర్చున్నాడు. కూర్చుని ఎడమ ఎద్దును పేరు పెట్టి పిలిచాడు.

అలవాటులో పిలిచాడో, ఎద్దును తలుచుకుని పిలిచాడో, లేక మాట తప్పిన నన్నే అన్నాడో నాకు తెలియదు. తర్వాత ఎన్నో రోజులు ఆ మోకు లాగాను, ఒక్కసారీ అడగలేకపోయాను. ఎడమవైపు ఉన్నది నేను. మెడ వంచి లాగాను.